పసుపు మందు లేని సీసా

లోపల్నుంచి సైరన్ వినబడింది. అంబులెన్స్ సైరన్. ముందు సన్నగా, చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో ఎక్కడో ఇరుక్కుపోయినట్టు, తర్వాత దగ్గరికొచ్చి, మూసిన టేకు తలుపుని కూడా లెక్కచెయ్యకుండా హాల్లోకి వచ్చేసింది. అది నోటితో చేసిన సైరన్ అనీ, ఆ నోరు తన మొగుడిదనీ తెరెసాకి తెలుసు. సోఫాలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బిగుసుకుపోయింది. ఇవాళ నిర్మాతకి చెప్పాల్సిన పడవ కథలో సైరన్ లేదు. పడవ కథ గోదావరి చప్పుడుతో మొదలవుతుంది, తెడ్డు నీళ్ళలో పడే చప్పుడుతో, ప్రేమ్ చంద్ నాలుకని అంగిలికి కొట్టి చేసే టక్ మన్న చిన్న చప్పుడుతో. పొద్దున్నించీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మోతీనగర్‌లో ఆటో ఎక్కేటప్పుడు చెప్పింది, యూసుఫ్‌గూడలో చెప్పింది, కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు గుంపుగా నిలబడ్డచోట ఆటో ఆగితే మళ్ళీ చెప్పింది, పడవ కథండీ, పడవ కథే చెప్పండి, ఇంకోటి వద్దు. నాకు నేర్పుతావా తెరెసా అని నవ్వాడు. ఈ ఆఫీసు మెట్ల మీద కూడా చెప్పింది. మెట్ల దగ్గర్నించి ఆ తలుపు దాకా ఎంత దూరం, ఆ కాస్త దూరంలోనే పడవ మునిగిపోయింది.

ఓంప్రకాష్ గారు ఎదురు రాకుండా ఉన్నా బాగుండేదేమో. పెద్ద నిర్మాత, జూబ్లీహిల్స్‌లో కొండరాయిని తొలిచి కట్టిన ఇంత పెద్ద ఆఫీసు, ఆయన తనంత తాను బయటికొచ్చి, "రైటర్ గారూ, ఎట్లున్నరు? ఎటు మాయమైపోయిండ్రు గిన్ని దినాలు?" అని భుజం మీద చెయ్యేశాడు. ప్రేమ్ చంద్ తడుముకోలేదు. "వైజాగ్ ఔట్‌డోర్ షూటింగ్ సార్, నిన్ననే దిగాను. వానలు, షెడ్యూలంతా నాశనం" అన్నాడు. వైజాగూ లేదు, వానా లేదు. ఏడాది పైనుంచి ఆ మనిషి మోతీనగర్‌లో వాళ్ళ మూడో అంతస్తు వాటా దాటి ఒంటరిగా వీధిలోకి దిగలేదు. అయినా ఎంత హాయిగా చెప్పాడో, తెరెసాకే ఒక్క క్షణం నమ్మబుద్ధేసింది, సిగ్గులేకుండా గుండె తేలికపడింది కూడా. అబద్ధం చెప్తున్నాడనుకోకండమ్మా అని ఆసుపత్రిలో డాక్టరు ముందే చెప్పాడు, మెదడుకి ఖాళీ ఉంటే ఓర్చుకోలేదు, ఏదో ఒకటి అల్లి నింపేసుకుంటుంది, ఆయనకది నిజమే. అప్పుడు తెరెసాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఆయన చేసిన ఉద్యోగం అదే కదా డాక్టరు గారూ, ఖాళీ కాగితం కనబడితే ఓర్చుకోలేకపోవడం. కానీ ఆ మాట పైకి అనలేదు. ఆ రోజుల్లో ఏ మాటా పైకి అనే మొహం ఆమెకు లేదు.

సైరన్ ఆగింది. ఇప్పుడు బ్రేకు. ఇప్పుడు వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. డ్రైవరు దిగి స్ట్రెచర్ మీది మొహం చూస్తాడు, చూసి, దుప్పటి మళ్ళీ కప్పేస్తాడు, ఎందుకంటే ఆ మొహం తన చెల్లెల్ని చంపినవాడిది. వాడింకా బతికే ఉన్నాడు, ఆసుపత్రి ఇంకా దూరం. అక్కడ్నించి కథంతా ఆ బండిలోనే. తెరెసాకి ప్రతి మలుపూ తెలుసు. తెలియకేం, ఈ కథ ఆవిడ వంటింట్లోనే పుట్టింది, ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా పీట మీద కూర్చుని ఆయన నోటితో బండి నడిపాడు. ఆవిడకే కాదు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సినిమా వచ్చి వెళ్ళిపోయింది. ఆయన మంచాన పడకముందు క్రిస్మస్ సెలవుల్లో ఆడింది, బాగా ఆడింది, ఇంకా జనం ఫోన్లలో చూస్తూనే ఉన్నారు. తెర మీద కథ అన్న మాట కింద పడ్డ పేరు మాత్రం ఇంకొకరిది, శ్రీనగర్ కాలనీ గెస్ట్‌హౌస్‌లో ఇలాంటి పేరు లేని రైటర్లని నలుగురిని పెట్టుకుని రాయించుకునే పెద్దాయనది. అది మామూలే. రాసి ఇచ్చేస్తే అది వాళ్ళది, ఇంక నోరెత్తకూడదు, ఎత్తితే ఫిల్మ్‌నగర్‌లో ఇంకెవరూ గడప ఎక్కనివ్వరు. ఆ షరతు ప్రేమ్ చంద్ ఎన్నడూ తప్పలేదు. తప్పినట్టు కూడా తెలియకుండా ఇవాళ తప్పుతున్నాడు.

ఆయనకి ఆ సినిమా వచ్చినట్టు తెలీదు. అమ్మినట్టూ తెలీదు. నాలుగైదేళ్ళు ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి, ఆ నాలుగైదేళ్ళలోనే ఆ అమ్మకమూ, ఆ సినిమా, వాళ్ళిద్దరూ మొదటివారం మార్నింగ్ షోకి వెళ్ళి పక్కపక్కన కూర్చోవడమూ ఉన్నాయి. పేర్లు పడేటప్పుడు తెరెసా ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఆయనే ఆవిడ చిటికెన వేలు పట్టుకుని, జనం ఏడుస్తున్నారు చూడు తెరెసా, నా పేరు లేకపోయినా ఏడుస్తున్నారు అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఈ లోకంలో ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది. ఆయన్ని అడిగితే, ఏ సినిమా అంటాడు. ఆయన లెక్కలో అంబులెన్స్ కథ ఇంకా ఎవరికీ చెప్పనిది, దాచుకున్నది, మంచి నిర్మాత దొరికితే బయటికి తీద్దామనుకున్నది. మంచి నిర్మాత దొరికాడు, తీశాడు. అందులో ఆయన తప్పేముంది?

లేచి తలుపు కొడదామా? కొట్టకూడదు. కథ చెప్పేటప్పుడు తలుపు కొట్టడం ఇక్కడ గుళ్ళో చెప్పులేసుకోవడం లాంటిది. ఫోన్లు ఆపేస్తారు, ఏసీ చప్పుడు కూడా తగ్గిస్తారు, ఇంటర్వెల్ దాకా ఎవరూ లోపలికి పోరు. కాగితాలు ఇస్తే ఎవరూ చదవరు, మనిషి నిలబడి నోటితో, చేతుల్తో, కళ్ళతో సినిమా చూపించాలి, పాట దగ్గర పాట, ఫైట్ దగ్గర ఫైట్. అందులో ప్రేమ్ చంద్‌ని మించినవాడు లేడని పేరు. అందుకే ఓంప్రకాష్ గారు ఇన్నాళ్ళయినా గుర్తుపెట్టుకుని, కామెర్లు తగ్గాయట కదా, ఒక మంచి కథ ఉంటే చెప్పమనండి అని ఫోన్ చేశాడు. కామెర్లు. ఆ మాట కూడా తెరెసా పుట్టించిందే. కామెర్లంటే మనిషి తిరిగొస్తాడు. మతి పోయిందంటే తిరిగి రాడు. మోతీనగర్ పక్కనే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి, సినిమావాళ్ళకి ఆ పేరొక వెటకారం, ఎవడైనా తేడాగా మాట్లాడితే వీడు ఎర్రగడ్డ కేసురా అని నవ్వుకుంటారు. ఆ నవ్వు తన భర్త మీద పడకూడదని ఆవిడ పంతం. అయితే ఫోన్ వచ్చినప్పుడు వద్దని చెప్పొచ్చుగా? చెప్పొచ్చు. కానీ ఆయన రోజూ పొద్దున్నే గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కథ సిట్టింగ్‌కి కారు పంపిస్తామన్నారు తెరెసా, ఫోన్ వచ్చిందా? రాలేదండీ. మధ్యాహ్నం మళ్ళీ, ఫోన్ వచ్చిందా? ఏడాదిగా అదే ప్రశ్న, అదే జవాబు, చెవిలో ఇల్లు కట్టుకుని పోరినట్టు. చివరికి నిజంగానే ఫోన్ వచ్చిన రోజు తెరెసా మరియమాత పటం ముందు మోకాళ్ళూని ఏడ్చింది.

ఆ పటం. దాని మేకు. వద్దు, అటు వెళ్ళకు అనుకుంది, కానీ మనసేమైనా ఆవిడ పాఠం చెప్పే స్కూలు పిల్లలా, వద్దంటే ఆగడానికి. కిందటేడు విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద సిలువతో గుళ్ళోంచి బయటికొచ్చి, ఇవాల్టి నుంచి ముట్టను తెరెసా అన్నాడు. ఎన్నిసార్లు అనలేదు కనక అనుకుంది. కానీ ఆసారి నిజంగానే ముట్టలేదు. గెస్ట్‌హౌస్ సిట్టింగుల్లో మొదలైన తాగుడు, కథ కదలాలంటే సీసా కదలాలి అనేవారట అక్కడ, పల్లీలూ మిరపకాయ బజ్జీలే అన్నం, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు. అంత తాగుడు ఒక్కసారి మానేసేసరికి ఒళ్ళు తిరగబడింది. ఒకటే వాంతులు, ఒకటే వణుకు, మంచినీళ్ళు కూడా నిలవలేదు. తెరెసా భయపడింది, దానికి మించి సంతోషపడింది. తన ప్రార్థన ఫలించిందని, విషమంతా బయటికి పోతోందని. ఇక నీరసం చూడలేక వీధి చివర క్లినిక్కుకి పరిగెత్తింది. నీరసానికి ఏం చేస్తారు ఎవరైనా, గ్లూకోజ్ ఎక్కిస్తారు. జ్వరమొస్తే గ్లూకోజ్, పరీక్షలకి చదివి పిల్లాడు కళ్ళు తిరిగి పడిపోతే గ్లూకోజ్, సీసా తల మీద వేలాడితే ఇంట్లో వాళ్ళందరికీ ధైర్యం. అక్కడి మనిషి అసలు డాక్టరో కాదో ఎవరూ అడగలేదు, హస్తవాసి మంచిది, అందరూ డాక్టరు గారనే అంటారు. ఇంటికొచ్చి నరం వెతికి, బ్యాగులోంచి మందులు తీస్తూ అడిగాడు, అమ్మా, సార్‌కి మందు అలవాటుందా, ఉంటే పసుపు మందు కలపాలి, అందుకే అడుగుతున్నా.

అంతే అడిగాడు. ఉంది అంటే సరిపోయేది. రెండక్షరాలు. కానీ ఆ మనిషి ఇంటింటికీ తిరిగేవాడు, కింది వాటావాళ్ళకి బీపీ చూసేవాడు, తెరెసా చెప్పే స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కి ఇన్సులిన్ పొడిచేది కూడా అతనే. ఇన్నేళ్ళు కిటికీలు మూసి, ఖాళీ సీసాలు చీర మడతల్లో చుట్టి చెత్తబండికి వేసి కాపాడుకొచ్చిన పరువు. "అబ్బే, అలాంటి అలవాట్లేం లేవండీ" అంది. మంచం మీంచి ప్రేమ్ చంద్ కళ్ళు తెరిచి చూశాడో లేదో ఇప్పటికీ తెలీదు. ఆ మనిషి సరే అని పసుపు మందు మళ్ళీ బ్యాగులో పెట్టేసుకున్నాడు. సీసా తగిలించడానికి గోడకి ఇంకేమీ లేకపోతే, తెరెసాయే మరియమాత పటం దించి మేకు చూపించింది. తెల్లటి సీసా. ఒకటి అయ్యాక ఇంకోటి. చుక్క చుక్కా దిగుతుంటే పక్కన కూర్చుని జపమాల చెప్పుకుంది.

తర్వాతి రోజు కళ్ళు ఊగడం మొదలైంది. ఒక మనిషి ఇద్దరు మనుషులుగా కనబడుతున్నారన్నాడు. నిలబడితే తూలిపోయాడు. ఇన్నాళ్ళు తాగి తూలినవాడు తాగకుండా తూలుతున్నాడని తెరెసాకి ఎక్కడో కోపం కూడా వచ్చింది, దొంగచాటుగా ఏమైనా తాగారా అని ఒట్టు వేయించుకుంది. పెద్దాసుపత్రిలో మొదట అడిగింది కూడా అదే ప్రశ్న, తాగుతారా? అక్కడా లేదనే అంది. అబద్ధానికి ఒకసారి అలవాటుపడ్డ నోరు. స్కానింగ్ చూసిన డాక్టరు మళ్ళీ పిలిచి, తలుపేసి, అమ్మా నిజం చెప్పండి అన్నాకే బయటపెట్టింది. అప్పుడు పెట్టారు సూదులు. వాటితో కళ్ళు ఊగడం ఆగింది, నడక కొంత వచ్చింది, జ్ఞాపకం మాత్రం రాలేదు. డాక్టరు చిన్నవాడే, ఓపికగా బొమ్మ గీసి చెప్పాడు. మెదడు తినేది చక్కెరే అమ్మా, కానీ ఆ చక్కెర మండాలంటే థయమిన్ ఉండాలి, బి1 అంటాం. తాగేవాళ్ళకి అది అడుగంటి ఉంటుంది. ఆ సమయంలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ అడుగున ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. చుట్టూ చక్కెర ఉండగానే కణాలు ఆకలితో మాడిపోతాయి. ఒక కణం ఇంకో కణానికి కబురు పంపే రసాయనాల తయారీ ఆగిపోతుంది. ఇవాళ జరిగింది రేపటికి అందించే చోటు ఇదీ, అని పెన్నుతో రెండు చుక్కలు పెట్టాడు, ఇవి మామూలుగా శనగగింజంత ఉంటాయి, ఈయనవి ఎండిపోయాయి. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్, ఆ వరస తప్పింది. బ్యాగులోకి తిరిగి వెళ్ళిపోయిన పసుపు మందు అదేనని తెరెసాకి అప్పుడు అర్థమైంది. ఎవరు ఎక్కించారు అని మాత్రం అతను అడగలేదు. అడిగితే ఈ బరువు కొంచెం దిగేదేమో.

విటమిన్లు తెరెసాకి కొత్తేమీ కాదు, అదే సిగ్గు. ఇరవై ఏళ్ళుగా ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్తోంది. గోడ మీద చార్టు, చేతిలో బెత్తం, బి1 అనగానే పిల్లలంతా గొంతు కలిపి థయమిన్ బెరిబెరి, థయమిన్ బెరిబెరి అని అరుస్తారు, పాటలా ఉంటుంది. ఆ బెరిబెరి అంటే ఏమిటో ఏ పిల్లా అడగలేదు, ఆవిడా ఆలోచించలేదు, ఎక్కడో తెల్లబియ్యం తినే దేశాల్లో పూర్వం వచ్చిన జబ్బనుకుంది. ఆసుపత్రి నుంచి తిరిగి బడిలో చేరాక ఆ పాఠం వచ్చిన రోజు చార్టులో ఆ వరస దాటేసింది. దాటేసి విటమిన్ సికి వెళ్ళిపోయింది. ఆ ఏడాది పిల్లలకి బి1 లేదు.

లోపల ఎవరో నవ్వారు. ఓంప్రకాష్ గారి నవ్వు కాదు. ఆయన పక్కన భావన అని ఒక అమ్మాయి కూర్చుంది, కథలు వడపోసే ఉద్యోగం ఆ పిల్లది, వారానికి ఎన్నో కథలు వింటుంది, ఆమెకి తెలియని సినిమా ఉండదు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు. ప్రేమ్ చంద్ గొంతు మాత్రం తగ్గలేదు, ఇంకా లేచింది. ఎంత బాగా చెప్తున్నాడు! తెరెసా ఏడుపు దిగమింగుకుంటూనే వింటోంది. చెల్లెలి మాట వచ్చినచోట ఆ గొంతు బొంగురుపోతుంది చూడు, అది సినిమాలో లేదు, ఆ పెద్దాయన తీసేశాడు. చచ్చేవాడు దాహం అంటే డ్రైవరు నీళ్ళసీసా మూత తిప్పి, తిప్పి, మళ్ళీ బిగించేస్తాడు, ఆ బిగింపు కిర్రుమనడం కూడా నోటితోనే చేశాడు. ఇదంతా ఉంది. ఈ మనిషి ఇంకా ఉన్నాడు, చెక్కు చెదరకుండా ఉన్నాడు, ఒక్క గడిచిపోయిన కాలమే లేదు. దేవుడా, ఇంకో కథ ఏదైనా రానిచ్చి ఉంటే ఏం పోయేది. గుణదల మరియమాత తిరునాళ్ళలో కొండెక్కే వరసలో నిలబడి, ఎండలో, ఇంకా పెళ్ళి కూడా కుదరకముందు ఆ పడవ కథ చెప్తే ఆవిడ పూలదండ వాడిపోయిన సంగతి కూడా చూసుకోలేదు. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ తియ్యలేదు, అందుకే అది భద్రం అనుకుంది.

ఇక ఇంటర్వెల్ రావాలి. వచ్చాక లోపలివాళ్ళు అడుగుతారు. అప్పుడు రెండే దారులు. నోరు మూసుకుంటే ప్రేమ్ చంద్ దొంగ, వేరేవాడి సినిమా తెచ్చి నిర్మాత మొహం మీద చెప్పిన సిగ్గులేని దొంగ, రేపు పొద్దున కృష్ణానగర్ టీకొట్ల దగ్గర ఆ కథే చెప్పుకుంటారు. నోరు విప్పితే దొంగ కాడు, కథ ఆయనదే. కానీ ఆయనదే అయితే మళ్ళీ ఎందుకమ్ముతున్నాడు? అది చెప్పాలంటే మతి సంగతి చెప్పాలి. మతి సంగతి చెప్పాక ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆయన్ని కథ చెప్పమని పిలవరు, ఎప్పటికీ పిలవరు. దొంగా, పిచ్చివాడా? భర్తకి ఈ రెండిట్లో ఏ చొక్కా తొడగాలో భార్య నిర్ణయించాలట. పైగా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఎదురుగానే ఉంటాడు కదా. ఇంతవరకు ఆయనకి ఎవరూ చెప్పలేదు. బాగా జ్వరం వచ్చి తగ్గింది అని మాత్రమే చెప్తూ వచ్చింది. ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇంటర్వెల్ అన్నట్టుగా లోపల బల్ల మీద చరిచిన చప్పుడు. ఆఫీసులో టీ అందించే నర్సింహ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళాడు, పెద్దాయన, నెరిసిన మీసాలు, వచ్చినప్పట్నించీ తెరెసాని ఒకటికి రెండుసార్లు పలకరించాడు. వెళ్ళినంతసేపు పట్టలేదు, బయటికొచ్చేశాడు. కప్పులు ట్రేలోనే ఉన్నాయి.

"లోపట ఎవ్వలు మాట్లాడ్తలేరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "చాయ్ గూడ ముట్టలే. ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. గీ అంబులెన్స్ పిక్చర్ వచ్చిపోయింది గద? నేను మా ఇంటోళ్ళను తోల్కపోయి చూసిన. సార్ గదే చెప్తుండేంది?"

తెరెసా లేచింది. జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుని, "అమ్మా, జర లోపటికి రండ్రి" అని ఓంప్రకాష్ గారి గొంతు వచ్చింది.

గది మధ్యలో ప్రేమ్ చంద్ నిలబడి ఉన్నాడు, చొక్కా వీపంతా చెమట, చేతులు ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే ఉన్నాయి. భావన తల వంచుకుని ఫోన్‌లో ఏదో తీసి బల్ల మీద పెట్టింది, సినిమా పోస్టరు. "సార్, నేను తప్పుగా అనట్లేదు. ఇది రిలీజైన సినిమా. సీన్ టు సీన్ అదే. మా టైం సంగతి వదిలేయండి, రేపు లీగల్‌గా ఎవరైనా వస్తే?" అంది. ప్రేమ్ చంద్ ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. అంబులెన్సు, డ్రైవరు, వెనక దుప్పటి. ఎర్రగా ఉన్న మొహం తెల్లబోయింది. "ఎవడు తీశాడు? ఇది నేను ఎవరికీ చెప్పలేదే. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. అని ఆవిడ వైపు తిరిగాడు. "తెరెసా, ఎవరికి చెప్పావు?"

దొంగా పిచ్చివాడా అని బయట అంతసేపు తూచిన తక్కెడ ఆ ఒక్క మాటతో పడిపోయింది. తన పేరే దొంగగా వినబడింది. "నేను ఎవరికీ చెప్పలేదండీ. మీరే రాసిచ్చారు, శ్రీనగర్ కాలనీలో. సినిమా వచ్చింది, మనం చూశాం. మీకు గుర్తులేదు," అంది, ఆ తర్వాత ఓంప్రకాష్ గారి వైపు తిరిగి, "కామెర్లు కాదండీ" అని మొదలుపెట్టి, ఆగకుండా చెప్పేసింది, తాగుడు, మానడం, వాంతులు, విటమిను, సీసా, మెదడు. కొత్త సంగతులు నిలవవని. పొద్దున చెప్పింది ఆటో దిగేసరికి పోతుందని. ఆయన దొంగ కాదని. చెప్తున్నంతసేపూ ప్రేమ్ చంద్ ఆవిడ పెదాలనే చూస్తున్నాడు, కొత్త కథ వింటున్న మనిషిలా, ఒక్క మాట పోనివ్వకుండా. అంత శ్రద్ధగా ఆయన వినడం ఆవిడ ఏడాదిగా చూడలేదు.

"ఆ సీసా ఎవరు పెట్టించారు?" అన్నాడు.

"నేనేనండీ."

"పెట్టేవాడు ఏం అడగలేదా?"

"మందు అలవాటుందా అని అడిగాడు. ఉంటే ఇంకో మందు కలపాలన్నాడు."

"ఏం చెప్పావు?"

భావన కుర్చీలోంచి సగం లేచి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చుంది. "లేదన్నాను. పరువు పోతుందని," అంది తెరెసా.

ప్రేమ్ చంద్ ఆ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఆ క్షణంలో మనిషి పూర్తిగా ఉన్నాడు, ఎక్కడా ఖాళీ లేదు, అల్లుకున్నదేదీ లేదు. అంతా తెలిసింది ఆయనకి, పోయింది ఎంతో, ఇక రానిది ఎంతో. కళ్ళలో నీళ్ళు రాలేదు. "ఇంక నాతో మాట్లాడకు తెరెసా" అన్నాడు. అరిచి కాదు, మామూలుగానే అన్నాడు.

ఓంప్రకాష్ గారు మంచివాడు, ఏదో అన్నాడు, ఫికర్ చెయ్యకుండ్రి, మందులకు గిట్ల ఏమన్న కావాలంటే మొహమాట పడకుండ్రి, ఈ ముచ్చట ఈ కమ్ర తలుపు దాటదు అన్నాడు. సాయంత్రానికల్లా అది ఫిల్మ్‌నగరంతా తెలిసిపోతుందని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. భావన గుమ్మం దాకా వచ్చి సారీ ఆంటీ అంది. తెరెసా చేతులు జోడించింది, నోరు మాత్రం తెరవలేదు. మాట్లాడకు అన్నాడు కదా. పెళ్ళయ్యాక ఆయన ఆవిడని శిక్షించింది ఇదొక్కసారే, అదీ న్యాయంగా. ఆ శిక్ష పట్టుకుని మెట్లు దిగింది. విచిత్రం ఏమిటంటే, అందులో ఒక ఊరట కూడా ఉంది, ఏడాదిగా ఒంటరిగా మోసింది ఇవాళ ఇంకొకరు చూశారు, చూడాల్సినవాడే చూశాడు. ఆయన ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరగకుండా, గోడ పట్టుకుని, ఆవిడ చెయ్యి అందించబోతే విదిలించుకుని. విదిలించుకున్నందుకు కూడా సంతోషంగానే ఉంది.

గేటు బయట ఎండ. రోడ్డు కిందికి జారుతోంది, రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి హారన్ కొట్టుకుంటూ ఎక్కుతున్నాయి. నర్సింహ వెనకే వచ్చి, "సార్, గీడనే నిలవడుండ్రి, ఆటో తోల్కొస్త" అని రోడ్డు దాటాడు. ఒక ప్రొడక్షన్ వ్యాను ఆగి, అందులోంచి ఎవరో లైటు స్టాండ్లు దించుతున్నారు. ప్రేమ్ చంద్ అది చూస్తూ నిలబడ్డాడు. షూటింగ్ ఎక్కడో అని అడిగాడు ఒక కుర్రాణ్ణి, వాడు చెప్పింది విని తల ఊపాడు. ఆటో వచ్చింది. ఎక్కారు. మూడో మలుపు తిరిగేసరికి ఆయన జారి ఆవిడ వైపుకొచ్చాడు, భుజం భుజానికి ఆనింది, ఆనినచోటే ఉండిపోయింది. చెయ్యి వెతుక్కుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకాసేపు ఉంచు దేవుడా అనుకుంది తెరెసా, కనీసం ఇంటికి చేరేదాకా ఆ కోపం ఉండనీ.

"ఏంటి తెరెసా, మాట్లాడవేం?" అన్నాడు ప్రేమ్ చంద్. మొహం నిర్మలంగా ఉంది. "నా మీద కోపమా? ఏమైనా అన్నానా నిన్ను?"

ఆవిడ ఆ మొహంలోకి చూసింది. వెతికింది. ఎక్కడా ఏమీ లేదు.

"మీరేం అనలేదండీ" అంది.